తక్కువ కరెంటు అనలాగ్ సర్క్యూట్‌కి మైనస్ సప్లై: మొదటి లెక్క నుంచి చివరి పరీక్ష దాకా

పీహెచ్ ప్రోబు ఇచ్చే వోల్టేజీ సున్నాకి రెండు పక్కలా తిరుగుతుంది. పీహెచ్ 7 దగ్గర సున్నా, ఆమ్లం వైపు వెళ్తే ప్లస్, క్షారం వైపు వెళ్తే మైనస్. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కి 59.16 మిల్లీవోల్టులు. అంటే 0 నుంచి 14 దాకా తీసుకుంటే ప్లస్ 414 మిల్లీవోల్టుల నుంచి మైనస్ 414 దాకా. మన బోర్డు మీద ఉన్నది మాత్రం యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు, గ్రౌండు. సున్నా కిందికి వెళ్లే సిగ్నల్‌ని ఆప్-ఆంప్ (చిన్న సిగ్నల్‌ని పెంచే ఐసీ) పట్టుకోవాలంటే దానికి సున్నా కింద కూడా సప్లై ఉండాలి.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్ డాబాల మీద నీళ్లలోనే ఆకుకూరలు పెంచే మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నీటి పీహెచ్ 5.5, 6.5 మధ్య నిలబెట్టాలి. పగలంతా కంపెనీలో కోడ్ రాసి, సాయంత్రం సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే వాళ్లకి ఈ మైనస్ సప్లై దగ్గరే బండి ఆగిపోతుంది. అందుకే పీహెచ్ బోర్డునే ఉదాహరణగా పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్తాను. థర్మోకపుల్ అయినా, చిన్న ఆడియో ప్రీ-ఆంప్ అయినా వరస ఇదే. నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే: ముందు కరెంటు లెక్క, ఆ తర్వాతే చిప్పు. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డుకి వెళ్లి చేతికి దొరికిన ఐసీ తెచ్చుకుని, దానికి సరిపోయేలా సర్క్యూట్ గీసుకుంటే రెండూ చెడతాయి.

1. అసలు మైనస్ కావాలా?

చాలా సర్క్యూట్లకి అక్కర్లేదు. వేడిని పట్టే థర్మిస్టర్, వెలుతురుని పట్టే ఎల్‌డీఆర్ లాంటివి ఎప్పుడూ ప్లస్ వైపే ఉంటాయి. ఎల్ఎం358 అనే ఆప్-ఆంప్ ఇన్‌పుట్ గ్రౌండు దాకా పనిచేస్తుంది కాబట్టి ఒక్క సప్లైతో గడిచిపోతుంది. ఆడియో అయితే ఒక కెపాసిటర్ అడ్డం పెట్టి, సిగ్నల్‌ని సగం సప్లై మీదకి ఎత్తుకోవచ్చు.

ఆప్-ఆంప్ అవుట్‌పుట్ సరిగ్గా సున్నా చూపిస్తే చాలు, అంతకన్నా కిందికి పోనక్కర్లేదనుకుంటే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఎల్ఎం7705 ఉంది. అది మైనస్ 0.232 వోల్టులు మాత్రమే ఇస్తుంది. రైల్-టు-రైల్ (ఒక సప్లై కొస నుంచి ఇంకో కొస దాకా) అని పేరున్న ఆప్-ఆంప్ కూడా గ్రౌండుకి కొన్ని మిల్లీవోల్టుల పైనే ఆగిపోతుంది. ఈ చిన్న మైనస్‌తో నిజంగా సున్నా అందుకుంటుంది.

పీహెచ్ ప్రోబుకి కూడా ఒక అడ్డదారి ఉంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ని గ్రౌండుకి కాకుండా 2.5 వోల్టులకి కట్టేస్తే సిగ్నల్ మొత్తం ప్లస్‌లోకి వస్తుంది. తొట్టిలో అదొక్కటే ప్రోబు అయితే ఇది మంచి పద్ధతే, నిస్సందేహంగా వాడుకోండి. కానీ అదే నీటిలో ఈసీ (నీటి వాహకత) ప్రోబు గానీ, స్టీలు తొడుగున్న టెంపరేచర్ సెన్సర్ గానీ ఉండి, అవి గ్రౌండుకి తగిలి ఉంటే, 2.5 వోల్టులకి గ్రౌండుకి మధ్య నీరే తీగ అవుతుంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ గుండా కరెంటు పారుతుంది, రీడింగు పక్కకి తప్పుతుంది, ఎలక్ట్రోడ్ ఆయుష్షూ తగ్గుతుంది. అలాంటి చోట రిఫరెన్స్ సున్నా దగ్గరే ఉండాలి. అప్పుడు మైనస్ సప్లై తప్పదు.

2. కరెంటు లెక్క

కాగితం మీద రెండు వరసలు రాయండి. మొదటి వరసలో మైనస్ రైలుకి (అంటే మైనస్ సప్లై లైనుకి) కట్టిన ప్రతి ఆప్-ఆంప్ తాగే కరెంటు. రెండో వరసలో అవుట్‌పుట్ మైనస్‌లోకి వెళ్లినప్పుడు లోడు గుండా మైనస్ రైలు మోయాల్సిన కరెంటు. రెండో వరసని చాలామంది వదిలేస్తారు.

టీఎల్072 అయితే ఒక్కో ఆంప్‌కి సుమారు 1.4 మిల్లీయాంపులు, గరిష్ఠంగా 2.5. టీఎల్062 అయితే ఒక్కో ఆంప్‌కి 0.2, గరిష్ఠంగా 0.25. మన పీహెచ్ బోర్డుకి టీఎల్062 చాలు, వేగంతో పనిలేదు. రెండు ఆంప్‌లకి కలిపి 0.5 మిల్లీయాంపు. 2 వోల్టుల అవుట్‌పుట్ 10 కిలో ఓమ్ లోడుని నడిపితే ఇంకో 0.2. మొత్తం 0.7. నేనైతే దీన్ని 2 మిల్లీయాంపులకి డిజైన్ చేస్తాను. రేపు ఇంకో ఆంప్ తగిలించాలనిపించినా ఇబ్బంది ఉండదు.

ప్రోబు లోపలి నిరోధం 100 మెగా ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. టీఎల్062 ఇన్‌పుట్ కరెంటు సాధారణంగా 30 పికోయాంపులు. రెండూ గుణిస్తే 3 మిల్లీవోల్టులు, అంటే 0.05 పీహెచ్. స్థిరంగా ఉన్నంతసేపు క్యాలిబ్రేషన్‌లో పోతుంది. ఆ కరెంటు ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి మూసేసిన డబ్బాని డాబా మీద ఎండలో పెట్టకండి.

3. ఆప్-ఆంప్ ఎంత తట్టుకుంటుంది?

ప్లస్ 5, మైనస్ 5 కలిస్తే ఆప్-ఆంప్‌కి కనిపించేది 10 వోల్టులు. ఎంసీపీ6002 లాంటి 5 వోల్టుల కాలపు ఆప్-ఆంప్‌లు 6 వోల్టుల దాకానే పనిచేస్తాయి. ఇన్నాళ్లూ ఒక్క సప్లై మీద చక్కగా నడిచిన ఐసీకి మైనస్ రైలు తగిలించగానే అది కాలిపోతుంది. టీఎల్062, టీఎల్072, ఎల్ఎం358, ఓపీ07 లాంటి పాతకాపులకి ఆ భయం లేదు. అయితే టీఎల్062 అవుట్‌పుట్ రెండు రైళ్లకీ వోల్టున్నర ఇవతలే ఆగుతుంది. మైనస్ 4.7 ఉంటే మైనస్ 3 దాకా ధీమాగా వాడుకోవచ్చు. పీహెచ్ సిగ్నల్‌ని 4 రెట్లు పెంచినా 1.7 వోల్టులు దాటదు, సరిపోతుంది.

4. ఏ పద్ధతి?

20 మిల్లీయాంపుల లోపు అయితే నా ఓటు ప్లస్‌ని తిరగేసి మైనస్ ఇచ్చే 7660 ఐసీల కుటుంబానికే. ఐసీఎల్7660, టీసీ7660, ఎల్ఎంసీ7660, మాక్స్1044, అన్నిటికీ కాళ్ల వరస దాదాపు ఒకటే. రెండు కెపాసిటర్లు పెడితే పని అయిపోతుంది, కాయిల్ అక్కర్లేదు. 50, 100 మిల్లీయాంపులు కావాలంటే ఎల్ఎం2660, ఎల్‌టీ1054 ఉన్నాయి. జాగా తక్కువైతే టీపీఎస్60400, అయిదు కాళ్ల చిన్న ప్యాకేజీలో 60 మిల్లీయాంపులు ఇస్తుంది. చేత్తో సోల్డర్ చేయడానికి భూతద్దం కావాలి. వందల మిల్లీయాంపులంటే ఎంసీ34063, కాయిల్, డయోడు అంటూ మరో లోకం. తక్కువ కరెంటు అనలాగ్‌కి ఆ గోల తెచ్చిపెట్టుకోకండి.

చేతిలో ఐసీ లేకపోతే మైక్రోకంట్రోలర్ పిన్నుతోనే మైనస్ పుట్టించవచ్చు. పిన్ను నుంచి 50 కిలోహెర్ట్జ్ చదరపు తరంగం ఇవ్వండి. పిన్ను తర్వాత 220 ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత 1 మైక్రోఫారడ్ కెపాసిటర్. కెపాసిటర్ రెండో కొస దగ్గర రెండు డయోడ్లు కలుస్తాయి. ఒక డయోడు యానోడ్ ఆ కొసకి, క్యాథోడ్ గ్రౌండుకి. రెండో దాని క్యాథోడ్ ఆ కొసకి, యానోడ్ అవుట్‌పుట్‌కి. అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకి 10 మైక్రోఫారడ్లు, ప్లస్ కాలు గ్రౌండు వైపు. 1ఎన్4148 పెడితే లోడు లేనప్పుడు మైనస్ 3.8 అటూఇటూగా, బీఏటీ85 లాంటి షాట్కీ (తక్కువ వోల్టేజీ మింగే డయోడు) పెడితే మైనస్ 4.4 దగ్గర్లో కనిపిస్తుంది. 220 ఓమ్ పెట్టింది పిన్నుని కాపాడ్డానికి, ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో లాగే కరెంటుని అది 23 మిల్లీయాంపుల దగ్గర ఆపుతుంది. కానీ దానికి మూల్యం ఉంది. సగం సమయం నింపడం, సగం సమయం ఖాళీ చేయడం కాబట్టి ఆ రెసిస్టర్ అవుట్‌పుట్‌లో నాలుగు రెట్లై, 880 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఒక్క మిల్లీయాంపు లాగితే వోల్టుకి దగ్గరగా పోతుంది. అర మిల్లీయాంపు లోపు పనులకే ఇది.

పాత సీరియల్ పోర్టు బోర్డు మీద మాక్స్232 ఉంటే దాని 6వ కాలు దగ్గర ఇప్పటికే మైనస్ ఉంది. 5 వోల్టులని రెట్టింపు చేసి, తిరగేసి అక్కడ పెడుతుంది. ఒకటి రెండు మిల్లీయాంపులు అరువు తెచ్చుకోవచ్చు.

5. 7660 కనెక్షన్లు

ఎస్.పి. రోడ్డు షాపులో "7660 డిప్" అంటే చాలు. మామూలుదా, ఎస్ రకమా అని అడిగితే ఎస్ తీసుకోండి. మామూలు 7660 గరిష్ఠం 10 వోల్టులు, ఎస్ రకం 12 దాకా తట్టుకుంటుంది. 9 వోల్టుల బ్యాటరీతో నడిపే ఆలోచన ఉంటే ఈ తేడా ముఖ్యం. కొత్త బ్యాటరీ 9.5 చూపిస్తుంది, అది 10కి మరీ దగ్గర.

8వ కాలు ప్లస్ 5కి. 3వ కాలు గ్రౌండుకి. 2, 4 కాళ్ల మధ్య మొదటి కెపాసిటర్, 10 మైక్రోఫారడ్లు, దాని ప్లస్ 2వ కాలు వైపు. 5వ కాలు మన మైనస్ అవుట్‌పుట్. అక్కడి నుంచి గ్రౌండుకి రెండో కెపాసిటర్, అదీ 10 మైక్రోఫారడ్లే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రెండో కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండులో ఉండాలి, తెల్ల చారల కాలు 5వ కాలికి పోవాలి. చేతికి అలవాటైన పద్ధతి చారల కాలుని గ్రౌండులో గుచ్చడం కాబట్టి, ఇక్కడ చెయ్యి తనంతట తనే తిరగేసి పెట్టేస్తుంది. కరెంటు ఇచ్చే ముందు ఆ ఒక్క కెపాసిటర్ వైపు మళ్లీ చూడండి.

6వ కాలు పేరు ఎల్‌వీ. సప్లై 3.5 వోల్టుల కన్నా తక్కువైతే దాన్ని గ్రౌండుకి కట్టాలి, ఎక్కువైతే ఖాళీగా వదలాలి. 5 వోల్టుల దగ్గర గ్రౌండుకి కడితే చిప్పు లోపల లాచ్-అప్ (లోపలే షార్టయినట్టు ఇరుక్కుపోవడం) వచ్చి వేడెక్కిపోయే ప్రమాదం ఉంది. 1, 7 ఖాళీ. 8, 3 కాళ్ల మధ్య ఇంకో 10 మైక్రోఫారడ్లు, పక్కనే 0.1 మైక్రోఫారడ్ సెరామిక్. ఈ ఐసీ ప్లస్ 5 నుంచి కరెంటుని గుక్కలుగా లాగుతుంది. ఆ గుక్కలు ప్లస్ రైలులోకి పాకకుండా వీటిని చిప్పుకి అంటుకున్నట్టే పెట్టాలి.

సెరామిక్ కెపాసిటర్లు వాడదలిస్తే ఎక్స్7ఆర్ అని రాసి ఉన్న రకం తీసుకోండి, 16 లేదా 25 వోల్టులది. చిన్న సైజు 10 మైక్రోఫారడ్ సెరామిక్ మీద 5 వోల్టులు పడగానే దాని కెపాసిటెన్స్‌లో పెద్ద వాటా మాయమవుతుంది. మీటరుతో విడిగా కొలిస్తే 10 చూపించి, సర్క్యూట్‌లో అంత పనిచేయదు.

6. ఎంత వోల్టేజీ పడిపోతుంది?

కొళాయి దగ్గర నుంచి ఇంటికి బిందెతో నీళ్లు మోస్తున్నట్టు అనుకోండి. ఎన్ని నీళ్లు చేరతాయన్నది బిందె ఎంత పెద్దది, గంటకి ఎన్నిసార్లు తిరిగాం అన్న రెంటి మీదే ఉంటుంది. 7660 లోపల మొదటి కెపాసిటర్ ఆ బిందె. 5 వోల్టుల దగ్గర నింపుకుని, తిరగబడి, రెండో కెపాసిటర్‌లో పోస్తుంది. అందుకే దీన్ని పంపు అంటాం. లోపలి ఆసిలేటర్ 10 కిలోహెర్ట్జ్ అయినా పంపు తిరిగేది అందులో సగం, 5 కిలోహెర్ట్జ్.

ఈ మోత అవుట్‌పుట్ దగ్గర ఒక నిరోధంలా కనిపిస్తుంది: 5000 ని 10 మైక్రోఫారడ్లతో గుణించి తిరగేస్తే (1ని దానితో భాగిస్తే) 20 ఓమ్‌లు. దీనికి లోపలి స్విచ్చుల వాటా 46 ఓమ్‌లు కలపండి. కెపాసిటర్ల సొంత నిరోధం ఒక్కో ఓమ్ అనుకుంటే మొదటి కెపాసిటర్‌ది నాలుగు రెట్లు, రెండోది ఒక రెట్టు, మొత్తం 5. అన్నీ కలిపి 71 ఓమ్‌లు. మన 2 మిల్లీయాంపులకి 0.14 వోల్టు పోతుంది, మైనస్ 4.86 మిగులుతుంది. అదే 20 మిల్లీయాంపులు లాగితే 1.4 వోల్టులు పోయి మైనస్ 3.6 దగ్గర కూర్చుంటుంది. కెపాసిటర్‌ని 100 మైక్రోఫారడ్లు చేస్తే 20 ఓమ్‌లు కాస్తా 2 అవుతాయి. 46 మాత్రం కదలదు. అందుకే ఒక హద్దు దాటాక కెపాసిటర్ పెంచి లాభం లేదు.

ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. ఈ మైనస్‌కి రెగ్యులేషన్ లేదు. యూఎస్‌బీ 4.8 ఇస్తే ఇదీ అంతే తగ్గుతుంది. ఆప్-ఆంప్‌కి సప్లైగా పెట్టుకోండి, దీని నుంచి రెసిస్టర్లతో రిఫరెన్స్ వోల్టేజీ మాత్రం తీయకండి.

7. రిప్పుల్

పంపు తిరిగే కొద్దీ మైనస్ సప్లైలో మిగిలే చిన్న ఊపే రిప్పుల్. రెండో కెపాసిటర్ 10 మైక్రోఫారడ్లు అయితే దాని లెక్క ఇలా వస్తుంది: 5000 ని 10 మైక్రోఫారడ్లతో, 2తో గుణించి తిరగేస్తే 10 ఓమ్‌లు, కెపాసిటర్ నిరోధం రెండు రెట్లు 2 ఓమ్‌లు. మొత్తం 12 ని 2 మిల్లీయాంపులతో గుణిస్తే 24 మిల్లీవోల్టులు. పీహెచ్‌లో 0.01 అంటే 0.59 మిల్లీవోల్టు అని గుర్తుంటే ఈ 24 ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఆప్-ఆంప్ సప్లై రిప్పుల్‌ని అణిచేస్తుంది కదా అని డేటాషీట్ మొదటి పేజీ చూసి నిశ్చింతగా ఉండకండి. అక్కడ రాసే పీఎస్ఆర్ఆర్ (సప్లై ఊపుని ఎంత అణుస్తుందో చెప్పే అంకె) డీసీ దగ్గరిది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అది పడిపోతుంది, తక్కువ కరెంటు ఆప్-ఆంప్‌లలో ఇంకా ముందే. లోపల గ్రాఫులో 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఎంతుందో చూడాలి.

మందు చాలా చవక. 5వ కాలు తర్వాత 100 ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండుకి 47 మైక్రోఫారడ్లు, దీని ప్లస్ కూడా గ్రౌండులోనే. ఈ ఫిల్టర్ 34 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, 5 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 150 రెట్లు తగ్గిస్తుంది. 24 మిల్లీవోల్టులు 0.16 కి దిగుతాయి. బదులుగా 0.2 వోల్టు పోయి మైనస్ 4.66 మిగులుతుంది. మూడో అంచెలో మనం ఈ సంఖ్య మీదే లెక్క వేశాం.

రిప్పుల్ తీగల గుండానే రాదు. 2, 4 కాళ్ల దగ్గర వోల్టేజీ సెకనుకి 5000 సార్లు 5 వోల్టులు ఎగిరి దూకుతుంది. ఆ రాగి గీతకీ ప్రోబు ఇన్‌పుట్‌కీ మధ్య ఒక్క పికోఫారడ్ ఉన్నా, 5 కిలోహెర్ట్జ్ దగ్గర అది 32 మెగా ఓమ్. ప్రోబు సొంత నిరోధం కన్నా తక్కువ! ప్రోబు కేబుల్‌కి మీటరుకి 100 పికోఫారడ్లు ఉన్నాయనుకుంటే 5 వోల్టుల్లో నూరో వంతు, 50 మిల్లీవోల్టులు ఇన్‌పుట్ మీద ఎక్కుతాయి. దాదాపు ఒక పూర్తి పీహెచ్. కాబట్టి పంపుని బోర్డుకి ఒక మూల, ప్రోబు సాకెట్‌ని ఎదురు మూల పెట్టండి. పంపు కెపాసిటర్ల గ్రౌండు చివరలన్నీ ఒకచోట కలిపి, అక్కడి నుంచి ఒక్క తీగతో అనలాగ్ గ్రౌండుకి తీసుకెళ్లండి. బ్రెడ్‌బోర్డు పక్క వరసల మధ్యే కొన్ని పికోఫారడ్లు ఉంటాయి. అందుకే పీహెచ్ ఇన్‌పుట్‌ని దాని మీద కట్టొద్దంటాను. పంపుని మాత్రం అక్కడే పరీక్షించుకోవచ్చు.

8. రెండు రక్షణలు

స్విచ్ వేసిన మొదటి క్షణంలో ప్లస్ 5 వచ్చేస్తుంది, మైనస్ ఇంకా పుట్టలేదు. ఆప్-ఆంప్ గుండా కరెంటు మైనస్ రైలులోకి దిగి దాన్ని సున్నా పైకి నెడుతుంది. పంపు అవుట్‌పుట్ సున్నా పైకి వెళ్తే చిప్పు మొండికేసి లేవకపోవచ్చు. 5వ కాలికి యానోడ్, గ్రౌండుకి క్యాథోడ్ వచ్చేలా ఒక షాట్కీ డయోడు, 1ఎన్5819 చాలు. పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది.

రెండోది అవుట్‌పుట్ చివర. ఇప్పుడు ఆప్-ఆంప్ మైనస్ 3 దాకా వెళ్లగలదు. ఆర్డుయినో యూనోలోని ఏటీమెగా328 పిన్ను మైనస్ 0.5 కన్నా కిందికి తట్టుకోదు. టీఎల్062లోని రెండో ఆంప్‌తో సిగ్నల్ మొత్తాన్ని సున్నా పైకి ఎత్తి పంపినా, ప్రోబు ఊడిన క్షణంలో అది ఎటైనా పోవచ్చు. ఆప్-ఆంప్‌కీ ఏడీసీకీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికీ) మధ్య 10 కిలో ఓమ్, ఏడీసీ వైపు గ్రౌండుకి ఒక బీఏటీ85, క్యాథోడ్ పిన్ను వైపు. మైనస్ 3 వచ్చినా డయోడు గుండా 0.3 మిల్లీయాంపే పారుతుంది. అదే 10 కిలో ఓమ్‌కి ఏడీసీ పిన్ను దగ్గర 1 మైక్రోఫారడ్ జోడిస్తే ఇంకో ఫిల్టర్ ఉచితంగా వస్తుంది.

9. పరీక్ష

ఆప్-ఆంప్ గుచ్చకుండా మొదలుపెట్టండి. లోడు లేకుండా 5వ కాలు దగ్గర మైనస్ 5 కి చాలా దగ్గరగా ఉండాలి. ఇప్పుడు 5వ కాలు నుంచి గ్రౌండుకి 1 కిలో ఓమ్ పెట్టండి. మన 71 ఓమ్‌ల లెక్క నిజమైతే మైనస్ 4.67 రావాలి. 4.6, 4.7 మధ్య ఉంటే చిప్పు మంచిదే. 4 కిందికి జారితే ముందు కెపాసిటర్లు మార్చి చూడండి, అప్పటికీ మారకపోతే చిప్పుని అనుమానించాలి. మార్కెట్‌లో పైన గీకి పేరు మార్చిన ఐసీలు తిరుగుతుంటాయి కాబట్టి ఈ ఒక్క రెసిస్టర్ పరీక్షని నేను ఏ బోర్డుకీ వదలను.

ఆసిలోస్కోప్ ఉంటే ఏసీ కప్లింగ్‌లో పెట్టి రిప్పుల్ చూడండి. ఆసిలోస్కోప్ ప్రోబుకున్న పొడవాటి గ్రౌండు తీగ తీసేసి, చిన్న స్ప్రింగు కొస వాడండి. పొడవు తీగ ఉంటే పంపు గాలిలోకి విసిరే తరంగాలని కూడా పట్టుకుని, లేని ముళ్లు చూపిస్తుంది. ఫిల్టర్‌కి ముందు, తర్వాత రెండుచోట్లా కొలవండి.

ఆ తర్వాత ఆప్-ఆంప్ గుచ్చి, పీహెచ్ ప్రోబు బదులు ఇన్‌పుట్‌ని గ్రౌండుకి కట్టి, ఏడీసీ అంకెలని పది నిమిషాలు చూడండి. అంకెలు నెమ్మదిగా, ఊపిరి తీసినట్టు పైకీ కిందికీ ఊగుతుంటే చాలామంది టెంపరేచర్ డ్రిఫ్ట్ అనుకుంటారు. సెకనుకి 1000 శాంపిళ్లు తీసుకునే ఏడీసీకి 5003 హెర్ట్జ్ రిప్పుల్ 3 హెర్ట్జ్ ఊగిసలాటగా కనిపిస్తుంది. పంపు ఆసిలేటర్‌కి క్రిస్టల్ లేదు, వేడిని బట్టి దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది కాబట్టి ఆ ఊపు వేగం కూడా మారుతూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో సగటు తీస్తే ఇది పోదు, ఎందుకంటే శాంపిల్ తీసేసరికే అది తక్కువ ఫ్రీక్వెన్సీగా మారిపోయింది.

తేల్చుకోవడానికి శాంపిల్ వేగాన్ని 1000 నుంచి 970 కి మార్చి చూడండి. ఊగే వేగం మారితే దోషి పంపు గానీ, చార్జర్ రొద గానీ. పంపు దగ్గర ఇంకో 10 మైక్రోఫారడ్ తగిలిస్తే ఊపు ఎత్తు తగ్గిందా, అది పంపే. తగ్గలేదా, చార్జర్ తీసేసి బ్యాటరీతో నడిపి చూడండి. పంపే అని తేలితే 7వ కాలికి మైక్రోకంట్రోలర్ నుంచి 1 కిలో ఓమ్ గుండా క్లాకు ఇవ్వండి, ఆ క్లాకుని శాంపిల్ వేగానికి తాళం వేసినట్టు ఒకే టైమర్ నుంచి తీయండి. పంపు ఆ క్లాకులో సగం వేగంతో తిరుగుతుందని గుర్తుపెట్టుకుని, 20 కిలోహెర్ట్జ్ ఇస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గర రిప్పుల్ వస్తుంది. 1000 శాంపిళ్ల ఏడీసీకి అది కదలని చిన్న ఆఫ్‌సెట్‌గా మాత్రమే కనిపిస్తుంది, దాన్ని క్యాలిబ్రేషన్ తీసేస్తుంది.